సుక్రు కలిపిన నారింజ రంగు

సుక్రు కళ్ళు చెడుతున్నాయన్న సంగతి అందరికన్నా ముందు నా కళ్ళ ముందుకే వచ్చింది. అతని పెళ్ళాం కన్నా ముందు, డాక్టరు కన్నా ముందు. దాన్ని చూసి నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, అతన్ని నలుగురిలో తిట్టి కొట్టు మెట్లు దింపేయడం.

నా పేరు దుర్గాప్రసాద్. అరకు బజారులో పుస్తకాలు, పెన్నులు, రంగులు అమ్ముతాను. మా నాన్న పలాస నుంచి వచ్చి పెట్టిన కొట్టు. సుక్రుది పైనున్న కొండ ఊరు. నా దగ్గర వాటర్ కలర్ ట్యూబులు కొనుక్కెళ్ళి, అరచెయ్యంత కార్డుల మీద బొమ్మలు వేసి, మళ్ళీ నా కొట్లోనే అమ్మకానికి పెట్టేవాడు. ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి దాకా చదివాడు. అక్కడి డ్రాయింగు మాస్టారు చేతిలో బ్రష్షు పెట్టాడట. చదువు ఆగిపోయింది గానీ బ్రష్షు ఆగలేదు. ఇరవయ్యేళ్ళ పాటు కాఫీ తోటలో కూలి చేస్తూ, మిగిలిన పొద్దంతా బొమ్మలు వేశాడు.

అతని పనితనమంతా నారింజ రంగులో ఉండేది. ట్యూబులో తయారుగా దొరికే ఆరెంజ్ ఇస్తే ముట్టుకునేవాడు కాదు.

“అది పిప్పరమెంటు రంగు బాబూ. మా కొండల్లో ఏడా నేదు” అనేవాడు.

ఓ మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు నా ఎదుటే కలిపి చూపించాడు. సాసరులోకి పసుప్పచ్చ ట్యూబు పిండి, నీళ్ళతో జారుగా చేసి, బ్రష్షు మొనకి ఎరుపు అంటించి అందులో తాకించాడు.

“పసుప్పచ్చలో ఎరుపు ఎయ్యాల బాబూ. ఎరుపులో పసుప్పచ్చ ఎయ్యకూడదు. ట్యూబంతా పోసినా ఎరుపు మాట ఇనదు.”

ఇంకో చుక్క ఎరుపు పడగానే మోదుగుపువ్వు వచ్చింది. నీళ్ళు ఎక్కువ చేస్తే పొద్దుటి మంచులో సూర్యుడు. సూది మొనంత నీలం తగిలిస్తే, పోడు కాల్చిన కొండ అంచు. ఆ నీలం కాస్త ఎక్కువైతే అంతా బురదే, అందుకని అక్కడ ఊపిరి బిగబట్టేవాడు. అంతవరకూ నేను రంగులు అమ్మడమే గానీ రంగును చూసింది లేదు.

రెండేళ్ళ కిందటి వానాకాలంలో అతనికి దగ్గు పట్టుకుంది. మనిషి సగమైపోయాడు. టీబీ అన్నారు. ఆరు నెలలు మందులు మింగమన్నారు. భార్య సోంబారి పక్కన కూర్చుని ఒక్కరోజు కూడా తప్పకుండా మింగించేది. కళ్ళు మసకబారితే వెంటనే చెప్పమని నర్సమ్మ హెచ్చరించింది కూడా. కళ్ళు మసకబారలేదు. సుక్రు సూదిలో దారం ఎక్కిస్తూనే ఉన్నాడు. ఇక చెప్పడానికి ఏముంది?

దసరా వెళ్ళిన వారానికి ఎర్ర ట్యూబు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

“ఏటి బాబూ ఈ ఎరుపు? సత్తువ నేదు. ఎంతేసినా నారింజ రాట్నేదు.”

కాగితం మీద పిండి చూశాను. నిప్పులా ఉంది. “బాగానే ఉంది కదరా” అంటూనే కొత్తది ఇచ్చాను. నాలుగు రోజుల్లో దాన్నీ తిరిగి తెచ్చాడు. కంపెనీ మార్చి ఇచ్చాను. అదీ అంతే అన్నాడు. ఈలోగా అతని కార్డులు చూడ్డానికి భయం పుట్టేలా తయారయ్యాయి. మోదుగుపూలు నెత్తుటి ముద్దల్లా ఉన్నాయి. ఓ టూరిస్టు ఆవిడ మంచులో సూర్యుణ్ణి చూసి, “పిల్లలు జడుసుకుంటారండీ” అని పక్కన పెట్టేసింది.

నేను అక్కడ ఆగి ఆలోచించి ఉండాల్సింది. ఇరవయ్యేళ్ళు చెయ్యి తప్పనివాడికి ఇప్పుడెందుకు తప్పుతోంది? కానీ వ్యాపారి బుద్ధి వంకర బుద్ధి. వాడేసిన ట్యూబులు నాకు అంటగట్టి కొత్తవి కొట్టేస్తున్నాడని తీర్మానించుకున్నాను.

నాలుగోసారి సంత రోజున వచ్చాడు. కొట్టు నిండా జనం.

“నకిలీ రంగులు అమ్ముతున్నావు బాబూ” అన్నాడు, అందరూ వినేలా.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“తాటిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డికన్నాడంట నీలాటోడు! తాగొచ్చి రంగులు కలిపి, నా సరుకు మీద పడి ఏడుత్తన్నావా?”

“నాను తాగనేదు బాబూ. మందులు మింగుతున్నాను. సుక్క ముట్టనేదు.”

“దిగు ముందు. మళ్ళీ నా మెట్లెక్కావంటే మర్యాదుండదు!”

కార్డుల కట్ట అతని చేతిలో కుక్కి బయటికి తోశాను. ఆ తర్వాత అతను రాలేదు. పీడా విరగడైందనుకున్నాను.

మళ్ళీ ఫాల్గుణంలో వచ్చాడు. ఈసారి సోంబారి చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. ఆమె రెండో చంకలో కోడిపెట్ట, భుజాన బియ్యం మూట. సుక్రు నా వైపు తిరిగాడు గానీ నా మొహం వైపు కాదు, పక్కనున్న అల్మారా వైపు.

జరిగింది సోంబారి చెప్పింది. కాఫీ పళ్ళ కోతలో ఎర్రగా పండినవే కొయ్యాలి. సుక్రు బుట్టలో సగం పచ్చికాయలున్నాయట. “కళ్ళెక్కడెట్టినావు?” అని కసిరిందట. అతను తెల్లబోయాడట. ఒక పండూ ఒక పచ్చికాయా అరచేతిలో పెట్టి ఏది పండో చెప్పమంది. అతను చాలాసేపు చూసి, ఆఖరికి రెండిటినీ బొటనవేలితో నొక్కి చెప్పాడు. వెంటనే సోంబారి అతన్ని ఆసుపత్రికి బయల్దేరదీసింది.

తీసుకెళ్ళేసరికి చూపులో నడిమి భాగం పోయింది. ఎదుటి మనిషి చెవులు కనిపిస్తాయి, మొహం కనిపించదు. టీబీ మందుల్లో ఒక మాత్ర కొందరికి ఇలా చేస్తుందట. రంగుల తేడాయే మొదటి గుర్తట. దాన్ని ఆపేశారు. రోగం తగ్గింది. చూపు రాలేదు.

“రంగు తేడా వచ్చిన వారంలోనే వచ్చుంటే కళ్ళు దక్కేవన్నాడు డాక్టరు బాబు” అంది సోంబారి. ఆ మాటలో నా మీద నిష్ఠూరమేమీ లేదు. ఆమెకు తెలిసింది చెప్పింది, అంతే.

ఆ వారంలోనే వచ్చాడు. నా దగ్గరికి వచ్చాడు.

సుక్రు గొంతు సవరించుకున్నాడు.

“బాబూ, నీ సరుకు మంచిదే. తేడా నా కళ్ళది. నలుగుర్లో నకిలీ అనేసినాను. మా ఊరి పెద్దలకి సెప్తే తప్పు కట్టుకోమన్నారు. తీసుకో బాబూ.”

అది వాళ్ళ ఆచారం. మాట జారినవాడు కోడీ బియ్యమూ ఇచ్చుకోవాలి. పుచ్చుకున్నవాడు తీరిందని నోటితో అనాలి. అనకపోతే తగువు తీరనట్టే.

తప్పు నాదిరా అనాలి. అనలేదు. సిగ్గో, భయమో, నలుగురి ముందు పరువో, ఏదైతేనేం, పిరికితనం. సోంబారి కోడిని నా చేతుల్లో పెట్టింది. దాని గుండె నా వేళ్ళ కింద టపటపా కొట్టుకుంటోంది.

“తీరింది సుక్రూ” అన్నాను.

అతను అల్మారాకి చేతులెత్తి దణ్ణం పెట్టాడు. నిజంగానే సంతోషపడ్డాడు.