గడీ పక్క మట్టికట్టకు నేను చేసిన మరమ్మతు

ఎవరు తీసిన గోతిలో వారే పడతారని సామెత. నేనైతే పూడ్చిన గోతిలో పడ్డాను. ఉద్యోగాన్నీ వెంట లాక్కుపోబోయాను.

ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడాది. కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో నా నౌకరీ పర్మినెంట్ కావాలి. పేరు మీద ఒక్క కేసున్నా కాగితం వెనక్కే. ఉప్పుగూడలో మా ఇంటి వెనుక కూలిన గడీ, దాని పక్కన కంకణంలా పాత మట్టికట్ట, ‘రక్షిత స్థలం, ముట్టుకుంటే శిక్ష’ అని సర్కారు బోర్డు ఉండేవి. కట్టకు ఒకచోట గండి. పాల మల్లేశ్ బర్రెలు రోజూ అందులోంచే లోపలికి మేతకు పోయేవి.

ఈ మల్లేశ్ మాదన్నపేట మార్కెట్లో పదిమంది ముందు నన్ను "అర్జీల నర్సింలు" అన్నాడు. మంగళవారం. అతని చేతిలో బీరకాయలు. నేను మరిచిపోయే రకం కాదు. గండి అతని బర్రెలు తొక్కిందేనని తేల్చి, బోర్డు పెట్టిన శాఖకే ఏడు అర్జీలు రాశాను. ఆఫీసరు వస్తున్నాడని జవాబొచ్చింది.

ఆయన వచ్చేలోగా నా దేశభక్తి కూడా కళ్లబడాలి కదా! రెండు బండ్ల ఎర్రమన్ను తోలించి గండి పూడ్చాను. మా ఆవిడ లక్ష్మి దానిమీద పేడతో అలికి ముగ్గేసింది.

"ఏంది నర్సింలన్నా, బర్రెలు యాడికెళ్లి పోవాలె?" అన్నాడు మల్లేశ్.

"కోర్టుకెళ్లి పోనియ్!"

"మా తాత పుట్టకముందుకెళ్లి ఉన్నదే అది!"

"అయితే మీ తాత తాత బర్రెలు తొక్కినయేమో!"

ఆఫీసరు వచ్చాడు. నక్షా పట్టుకుని కట్ట చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"దర్వాజా ఏది?"

"ఏ దర్వాజా సార్?"

"ఈ కట్టకున్న ఒకే ఒక పాత దర్వాజా. నక్షాల ఈడనే ఉంది. ఈ ముగ్గేంది?"

"మా ఆవిడ ఏసింది సార్," అన్నాను, మగధీరుడిలా.

"ముగ్గే నాది సార్. మన్నంత ఆయనదే," అంది లక్ష్మి వెనుక నుంచి.

"కేసు రాస్త. నీ పేరేంది?"

నేను నోరు తెరవక్కరలేకపోయింది. ఏడు అర్జీల కింద నా దస్కతులు ఆయన చేతిలోనే ఉన్నాయి. మల్లేశ్ ముందుకొచ్చాడు.

"సార్, మనిషి మంచోడే. జర లొల్లి ఎక్కువ. నౌకరీ పోతది, మాఫ్ చెయ్యుండ్రి. ఇద్దరం కలిసి మన్ను తీసేస్తం."

(‘జర లొల్లి ఎక్కువ’. ఇదీ రాసిపెట్టుకున్నాను.)

"పొద్దుమీకేలోపల ఒక్క తట్ట ఎర్రమన్ను కనపడినా కేసే," అని ఆఫీసరు కుర్చీ వేయించుకున్నాడు. తవ్వాం, మోశాం, ఊడ్చాం. సాయంత్రం బర్రెలు దర్జాగా దర్వాజాలోంచి నడిచాయి. ఆఫీసరు లేచి నిలబడ్డాడు.

"ఇవి రోజూ నడవబట్టే దర్వాజా పూడకుండ నిలిచింది. శాబాష్!"

బర్రెలకు శాబాష్! ఏడు అర్జీలు రాసిన మనిషికి గ్లాసుడు నీళ్లయినా ఇమ్మనలేదు.

కేసు తప్పింది, నౌకరీ నిలిచింది. ఇక బతికినన్నాళ్లూ ఏ కంతనూ నా చేత్తో పూడ్చనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. పోయిన వానాకాలం మా వంటింటి కప్పుకు చిల్లు పడింది. లక్ష్మి కింద గిన్నెలు పెట్టి నావంక గుర్రుగా చూస్తోంది. చూడనివ్వండి. అది ఏ కాలం నాటి దర్వాజాయో, నక్షా చూడందే ఎట్లా చెప్పగలం?