పాట చివర పేరు

నా చిన్నప్పుడు ఒక చలికాలంలో మా ఇంట్లో రెండు యుద్ధాలు కలిసిపోయాయి. ఒకటి కువైట్ వైపు జరుగుతున్నది. రెండోది మా నాయనమ్మ కాకినాడలో పెళ్ళికాని పిల్లగా చూసినది. మమ్మల్ని చూసి పోదామని ఖతార్ వచ్చిన ఆవిడ, విమానాలు ఆగిపోవడంతో ఉమ్ సలాల్‌లోని మా రెండు గదుల ఇంట్లోనే ఉండిపోయింది.

నాన్నగారు ఉత్తరాన అల్ రువైస్ రేవులో గుమాస్తా. తెల్లవారగానే కంపెనీ వ్యానులో వెళ్ళి మూడింటికల్లా వచ్చేసేవారు. ఆ రోజు ఐదైనా రాలేదు. మధ్యాహ్నం నన్ను దింపిన స్కూలు బస్సు డ్రైవరు "కల్ సే స్కూల్ మాఫీ", అంటే రేపటి నుంచి బడి లేదు అని, ఉత్తరాన సముద్రంలో ఏదో పడిందట అని కూడా అన్నాడు. అమ్మ రేవు ఆఫీసుకి ఫోన్ చేస్తూనే ఉంది. లైను కలవలేదు.

విషవాయువు వస్తుందేమోనని అందరిలాగే మేమూ ముందు గది కిటికీలకి వెడల్పాటి టేపు అంటించుకున్నాం. చీకటి పడుతుండగా అమ్మ వీధి తలుపు గడియ వేసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కింది. నాన్నగారి గొంతు వినపడితే తప్ప తలుపు తీయకూడదని చెప్పింది. అంతలో నాయనమ్మ లేచి లైట్లన్నీ ఆర్పేసింది.

"లైట్లు ఆర్పితే వాయువు ఆగుతుందా అత్తయ్యా?"

"మా ఊరి మీద జపానువాళ్ళ బాంబులు పడ్డప్పుడు ముందు దీపాలే ఆర్పించారే. కూర్చో."

అమ్మ నా పక్కన చతికిలబడింది. ఆ చీకట్లో నాకు నా చేతులే కనపడలేదు. భయంతో అమ్మకి ఆనుకుని కూర్చున్నాను. నేను మామూలుగానే పెద్దగా మాట్లాడేదాన్ని కాదు. క్లాసులో హాజరు పిలిచినా పలక్కుండా చెయ్యెత్తేదాన్ని.

అప్పుడు నాయనమ్మ పాడడం మొదలుపెట్టింది. ఆ యుద్ధకాలంలో పక్కింటి గ్రామఫోను మీద విన్న పాట అది. రంగూన్ నుంచి రావలసిన మగడి కోసం ఒకావిడ ఎదురుచూస్తుంటుంది.

తూరుపుగాలీ, మెల్లగ రావే, ఓడలొ నావాడున్నాడే,
దీపపు వత్తిని తగ్గించానే, దారిని ఎట్లా పోల్చేనే.

"ప్రార్థన చేసుకునే వేళ ఈ పాటలేంటండీ? కీర్తన పాడండి," అంది అమ్మ.

"కీర్తన దేవుడు వింటాడు. ఇది మనం వినడానికి."

పాట అయ్యాక నాయనమ్మ తన పేరు చెప్పింది, ఇంటిపేరుతో సహా. పాత గ్రామఫోను ప్లేట్లలో పాడినావిడ చివర అలా తన పేరు చెప్పేదట. ఆ పాటలు ఊరంతటికీ ఇష్టమే గానీ, పాడిన ఆడవాళ్ళని మాత్రం ఎవరూ గడప తొక్కనిచ్చేవారు కాదట. అయినా ప్రతి ఇంట్లోనూ వాళ్ళ పేరు వినపడేది. బాంబుల భయంతో చీకట్లో దాక్కున్నప్పుడు ఆడపిల్లలందరూ వంతులవారీగా చరణం పాడి, చివర పేరు చెప్పేవారట. ఎవరు ఉన్నారో, ఎవరు లేరో అలా తెలిసేదట. నాన్నగారి చిన్నతనంలో దీపం ఆరిపోయినప్పుడల్లా వాళ్ళింట్లో ఇదే ఆట.

"ఇప్పుడు నువ్వు," అంది నాతో. నేను అమ్మ వెనక్కి ఒదిగిపోయాను.

అంతలో తలుపు మీద ఎవరో కొట్టారు.

"ఎవరూ?" అంది అమ్మ. బయట నుంచి గరగరమని ఏదో శబ్దం వచ్చింది తప్ప మాట రాలేదు. మళ్ళీ కొట్టారు, ఈసారి గట్టిగా. అమ్మ నా భుజం పట్టుకుంది.

నాయనమ్మ నా చెవిలో అంది, "పాట ఎత్తుకో తల్లీ. నీ గొంతు సన్నం, తలుపు దాటుతుంది. మనవాడైతే అందుకుంటాడు."

నేను పాడాను. పాడానని ఇప్పటికీ నమ్మలేను. మొదటి చరణం సగం ఏడుపులోనే పోయింది. చివర నా పేరు చెప్పాను. తలుపు కొట్టడం ఆగింది. తర్వాత తలుపు అవతల నుంచి, రాతి మీద ఇనుము గీసినట్టున్న గొంతుతో, రాగమే లేకుండా రెండో చరణం వచ్చింది. దాని చివర నాన్నగారు తన పేరు చెప్పారు, ఇంటిపేరుతో సహా.

వ్యాను రాకపోతే ఆయన చేపల లారీ వెనక కూర్చుని, చలిలో, ఇసుకగాలిలో వచ్చారట. గొంతు పూర్తిగా పోయింది. అమ్మ లైటు వేస్తే చొక్కా నిండా పొలుసులు. నాయనమ్మ ఆయన్ని చూసి, "శ్రుతి తప్పావురా," అని మాత్రం అని, మొహం కొంగులో దాచుకుంది.

ఆ తర్వాత కూడా చాలా సాయంత్రాలు భయపడ్డాం. నా భయం పోయిందని చెప్పను. నలుగురిలో మాట్లాడాలంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. కానీ ఎవరూ చదవని నా డైరీలో ప్రతి పేజీ చివరా ఇంటిపేరుతో సహా నా పేరు రాస్తాను. బాగా భయమేసిన రోజున దాన్ని పైకి చదువుతాను, తలుపు అవతలికి వినపడేంత గట్టిగా.