ఊర్మిళ మేడం రాయించిన మూడో లిస్టు

మొన్న విశాఖలో మా ఆఫీసు వాళ్ళు అందరికీ రక్తపరీక్షలు చేయించారు. మోచేతి మడతలో స్పిరిట్ దూది చల్లగా తగిలి, ఆ ఘాటు ముక్కుకెక్కగానే నాకు ఊర్మిళ మేడం గుర్తుకొచ్చారు. ఆవిడ దగ్గర ఎప్పుడూ ఆ వాసనే ఉండేది. మధ్యాహ్నం దాకా పలాసలో ఒక ఆసుపత్రి ల్యాబులో పని చేసి, సాయంత్రం జీడిపప్పు కొట్టు మేడ మీది అద్దెగదిలో, మూడు పాత కంప్యూటర్లతో మాకు పాఠాలు చెప్పేవారు. టెక్కలి నుంచి బస్సులో వచ్చి బస్సులోనే వెళ్ళేవారు. ప్రోగ్రామింగ్ ఆవిడకు ఎవరూ నేర్పలేదు. ల్యాబు రిపోర్టులు చేత్తో రాసి రాసి విసుగెత్తి, ఫోనులో పాఠాలు చూసి తనే నేర్చుకున్నారట.

నేనప్పుడు డిగ్రీ రెండో ఏడు. అమ్మ జీడి ఫ్యాక్టరీలో పప్పు ఏరే పనికి వెళ్ళేది. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఒక లిస్టులోంచి కావలసినవి తీసి ఇంకో లిస్టు చేయడానికి నేను నాలుగు వరుసలు రాసేదాన్ని. ముందు ఖాళీ లిస్టు, తర్వాత ఒక్కోటీ తీసి చూసే లూపు, అందులో షరతు, చివర చేర్చడం. మేడం అదంతా రెండు బ్రాకెట్ల మధ్య ఒకే వరుసలో రాసి చూపించారు. నా బుర్రకెక్కలేదు.

"మీ అమ్మ పప్పు ఎలాగ ఏరతాదే?" అని అడిగారు.

"రాశిలోంచి ఒక్కోటీ తీసి, బద్ద కాకపోతే గిన్నెలో ఏస్తాది మేడం."

"ఇక్కడా అంతే. కాకపోతే మనం సివర సెప్పే మాట ఇది ముందల సెప్తాది. ఏటి కావాలో ముందు, ఎక్కడ్నుంచో తర్వాత, ఎలాటిదైతేనో ఆఖర్న. రోజూ పది రాయు, అదే వస్తాది."

పది కాదు, ముప్ఫై రాసేదాన్ని. మా ఊరివాళ్ళ పేర్లలో 'అమ్మ'తో ముగిసేవి, పలాసలో ఆగే రైళ్ళు, మా క్లాసులో బస్సెక్కి వచ్చేవాళ్ళు, కనబడిందల్లా ఒక్క వరుసలో పెట్టేదాన్ని. గర్వం కూడా వచ్చింది. ఒకరోజు మూడు లూపులు కలిపి ఒకే వరుసలో కుక్కి చూపిస్తే మేడం నవ్వి, "దీన్ని పైకి సదువు" అన్నారు. సగంలోనే తడబడ్డాను. "రాసిన నీకే నోరు తిరగనేదు. రేపు సదివేవోలకి ఏటి తెలుస్తాది? ఇడగ్గొట్టు" అన్నారు.

ఆ వేసవిలో ఉద్దానం ఊళ్ళల్లో కిడ్నీ పరీక్షలకు రక్తాలు తీశారు. మా వైపు ఆ జబ్బు భయం లేని ఇల్లు లేదు. పేరు, ఊరు, కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఎంతో చెప్పే అంకె, ఈ మూడూ ఉన్న పెద్ద జాబితా మేడం నాకిచ్చి, హద్దు దాటినవాళ్ళ పేర్లు తీయమన్నారు. వాళ్ళను రెండో పరీక్షకు పిలవాలి. ఒక్క వరుస రాసి నడిపితే ఎర్రర్ వచ్చింది. కొన్ని పేర్ల ఎదుట అంకె లేదు. ఖాళీ. నేను షరతులో ఇంకో ముక్క చేర్చాను, అంకె ఉంటేనే చూడమని. ఎర్రర్ పోయింది. బస్సుకు వేళవుతుండటంతో మేడం నా భుజం తట్టి, ఆ లిస్టును అలాగే ఊళ్ళలోని ఆశా కార్యకర్తలకు పంపేశారు.

వారం తర్వాత పాత కాగితాలు సర్దుతూ, అంకె లేని పేర్ల దగ్గర ఆవిడ ఆగిపోయారు.

"ఖాళీగా ఉన్నోల్ని ఏటి సేసావు?"

"ఎర్రర్ వస్తందని ఒదిలీసినాను మేడం."

ఆవిడ ముఖం పాలిపోయింది. అంకె లేదంటే సీసాలో రక్తం పాడైందని, వాళ్ళకు మళ్ళీ తీయాలని నాకు తెలియదు. అడగనూ లేదు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరం ఆటో మాట్లాడుకుని బయలుదేరాం. ఏడుగురిని వెతకాలి. ఆరుగురు కులాసాగానే కనిపించారు, రక్తం ఇచ్చారు. ఏడో ఆవిడ దాలమ్మ. కొబ్బరి తోటలో ఒంటరి ఇల్లు. పాదాలు ఉబ్బి, అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఎందుకొచ్చామో చెబితే ఆశ్చర్యపోయింది.

"నాకు కబురు రానేదు గదమ్మా. పక్క తోటోలకి ఒచ్చినాది. నాది బాగున్నాది కావాల, అందుకే పిలవనేదని సంబరపడ్డాను."

నేను తల వంచుకున్నాను. మేడం మాత్రం ఆమె పక్కన కూర్చుని, "తప్పు నాదే మామ్మా. నీ పేరు నాను సూసుకోనేదు" అన్నారు. తర్వాత నెమ్మదిగా నరం వెతికి రక్తం తీశారు.

తిరుగుదారిలో ఆటోలో నాకు ఏడుపు ఆగలేదు. మేడం ఓదార్చలేదు, తిట్టలేదు. "రేపు బేగి రా. లిస్టు మళ్ళీ రాద్దాం" అని మాత్రం అన్నారు. దాలమ్మకు జబ్బు ఉందని తేలింది. మందులతో ఆపగలిగే దశలోనే ఉందని డాక్టరు చెప్పారు. ఆమె ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. జరిగిన పొరపాటును మేడం తన పేరు మీదే రాసిచ్చి మెమో తీసుకున్నారని, ఆ కాగితంలో నా ప్రస్తావనే లేదని చాలాకాలం తర్వాత ల్యాబులో పనిచేసే ఆయన చెప్పాడు. నేను అడిగితే మేడం మాట మార్చేశారు.

ఆ సోమవారం ఆవిడ నా చేత మూడు లిస్టులు రాయించారు. పిలవాల్సిన వాళ్ళు ఒకటి, అక్కర్లేని వాళ్ళు ఒకటి, ఈ రెండింట్లోనూ లేనివాళ్ళు ఇంకొకటి. ఇప్పుడు నా ఉద్యోగమంతా ఇలాంటి వరుసలే. మూడో లిస్టు రాయమని ఇక్కడ నన్నెవరూ అడగరు. అయినా రాస్తాను. చాలాసార్లు అది ఖాళీగానే వస్తుంది. ఆ రెండు బ్రాకెట్ల మధ్య ఎవరూ లేరని కళ్ళారా చూశాకే మొదటి లిస్టు పంపుతాను.