పాటకు నాలుగు హద్దులు

ఒకే ఒక్క మాటతో నా పాట గొంతు నేనే నులిమేసిన వైనం చెబుతాను, వినండి. పుట్టించిందీ నేనే కాబట్టి ఎవరూ కేసు పెట్టలేదు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. బుచ్చిరెడ్డిపాలెం దగ్గర మా ఊరి చర్చిలో హార్మోనియం వాయించేది నేనే. ఆ ఏడు క్రిస్మస్‌కి ఒక పాట కట్టాను. రెండు వారాల్లో ఊరంతా పట్టేసింది. నాట్లేసే ఆడవాళ్లు పాడుతున్నారు, గేదెలు కడిగేవాళ్లు పాడుతున్నారు. పండగనాడు చర్చి మొత్తం ఒక్క గొంతుతో పాడుతుంటే వినాలని నా ఆశ. అప్పుడు వినయంగా ఎలా నిలబడాలో అద్దం ముందు సాధన కూడా చేశాను.

అంతలో నెల్లూరులో ఏదో సదస్సుకు పోయి 'మేధో సంపత్తి' అనే మాట తెచ్చుకున్నాను. కొత్త చెప్పులు వేసుకున్నవాడిలా ఆ మాటతో ఊరంతా తిరిగాను. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఏసురత్నం గారు దానర్థం అడిగితే, మైకు అందుకున్నాను. మైకు చేతికొస్తే నాకు బుద్ధి చేతిలో ఉండదు.

"సంపత్తి అంటే ఆస్తి. ఈ పాట నా ఆస్తి. నన్నడక్కుండా పాడితే దొంగతనం" అన్నాను.

మా ఊళ్లో ఆస్తి అంటే పొలమే. ఏసురత్నం గారు జీవితమంతా గట్టు తగాదాలు తీర్చిన మనిషి.

"ఆస్తి అన్నాక హద్దులుంటాయి గదా నాయనా. తూర్పున ఎవురిది?"

పల్లవి వరస మా అవ్వ నాట్లలో పాడేదేనని చెప్పాల్సి వచ్చింది.

"సరే, తూర్పు మీ అవ్వది. పడమర?"

చరణాల్లో సగం మాటలు పాస్టరు గారి ప్రార్థనలోవని ఒప్పుకున్నాను. మిగతా సగంతో ఉత్తరం బైబిల్లోని కీర్తనల గ్రంథానికి పోయింది. దక్షిణాన ఉన్న దరువు, తబలా వాయించే దేవదానం అన్నయ్యది.

"మధ్యలో నీకు మిగిలిందేంది?"

"హల్లెలూయ" అన్నాను. అదీ బైబిల్లోదేనని నాకు గుర్తు చేద్దామన్నా ఎవరికీ నవ్వు ఆగలేదు.

నవ్వుతో పోయిందనుకున్నాను. క్రిస్మస్ ఆరాధనలో పల్లవి ఎత్తుకుని, అందరూ అందుకుంటారని ఆగాను. ఒక్క గొంతూ లేవలేదు. చర్చి నిండా జనం చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా నావైపే చూస్తున్నారు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. పాడండయ్యా అని మైకులోనే బతిమాలాను.

ముందు వరసలో మా అవ్వ లేచింది.

"పండగపూట, దేవుడి ముందర, మా చేత దొంగతనం చేయిస్తావంట్రా?"

ఆ నిమిషమే హక్కులన్నీ సభాముఖంగా వదిలేశాను. చర్చి కప్పు ఎగిరిపోయేలా పాడారు. అందరికంటే గట్టిగా అవ్వ పాడింది.

హార్మోనియం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ సదస్సుకు పోయినా భోజనం చేసి వస్తాను, మాటలు మాత్రం అక్కడే వదిలేసి వస్తాను.