మళ్ళీ వచ్చిన డకోటా

సికింద్రాబాదులో ఒక బొమ్మల దుకాణం అద్దం వెనుక ఆ పెట్టె ఉంది. ముందు నా కంటబడింది దాని మూలనున్న అంకె: ఒకటి కింద డెబ్బై రెండు. తరవాత రెక్కలు, ఆ తరవాత తోక. పెట్టె మీది బొమ్మ మాత్రం మారింది. పాత పెట్టె మీద డకోటా విమానం మబ్బుల పైన ఒంటరిగా పోతుండేది. దీని మీద రెండు కొండల నడుమ, తెరిచిన తలుపులోంచి గొడుగులు కట్టిన మూటలు జారవిడుస్తోంది.

నేను అప్పట్లో చెన్నూరు కలప డిపోలో దుంగలు కొలిచే పనిలో ఉన్నాను. డిపో పని మీదే పట్నం వచ్చాను. లోపలికి పోయి అడిగితే దుకాణదారు ఉర్దూలో వివరంగా చెప్పాడు. ముక్కలు అతికించి చేసుకునే ఈ విమానం నమూనా కొన్నేళ్ళపాటు రావడం ఆగిపోయిందట. ఇప్పుడు కంపెనీవాళ్ళు పాత అచ్చులనే బయటికి తీసి మళ్ళీ వేస్తున్నారట. పెట్టె, ప్లాస్టిక్ రంగు మారాయి గాని ముక్కలన్నీ అవేనట. పాత అచ్చులేనా అని నేను రెండోసారి అడిగాను. నాకెందుకంత పట్టింపో ఆయనకు అర్థం కాలేదు. మా అవ్వ కోసమని చెబితే ఇంకా అర్థమయ్యేది కాదు.

మా ఇల్లు జమ్మికుంటలో. నేతవాళ్ళం. అమ్మను అవ్వ అనీ నాన్నను బాపు అనీ పిలిచేవాళ్ళం. బాపు నేసేవాడు, అవ్వ కండెలు చుట్టి, పడుగు పోగులకు గంజి పట్టేది. నా లెక్కలు ఆ మగ్గం దగ్గరే మొదలయ్యాయి: పడుగు దూరే దువ్వెనలాంటి పన్నెలో ఎన్ని పోగులు, గజం బట్టకు ఎంత నూలు. బడికి పోయింది కొద్దిగా, అదీ ఉర్దూలో. గుణకారాలూ భిన్నాలూ నాకు నేను పట్టుకున్నవే. అవే తరవాత దుంగల చుట్టుకొలతకు పనికొచ్చి నన్ను డిపోలో నిలబెట్టాయి. బాపు పోయాక మగ్గం ఆగింది. నా భార్య అవ్వతోనే ఉండేది, నేను సెలవు దొరికినప్పుడల్లా చెన్నూరు నుంచి వచ్చేవాణ్ని.

తమ్ముడు సైన్యంలో రవాణా పనిలో చేరాడు. రోడ్డులేని కొండల మీద కాపలా కాసేవాళ్ళకు విమానంలోంచి బియ్యం, పప్పు, ఉప్పు జారవిడవడం వాడి ఉద్యోగం. ఆ సంగతి మొదటిసారి విన్నప్పుడు అవ్వ చేస్తున్న పని ఆపి వాడి ముఖంలోకి చూసింది.

"గింత కష్టపడి సాదితే, మొగులు మీదికెల్లి బియ్యం పారబోసే నౌకరి దొరికిందా నీకు?"

వాడు నవ్వాడు. ఆ విమానం ఎట్లా ఉంటుందో చూపిస్తానన్నాడు. మరుసటి సెలవుకు వచ్చినప్పుడు కలకత్తా నుంచి ఆ మొదటి పెట్టె తెచ్చాడు.

బాపు కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంత పక్కన చాప పరిచి ముక్కలు పోశాం. వెండిరంగు ముక్కలు సన్నటి ప్లాస్టిక్ కాడలకు చింతకాయల్లా వేలాడుతున్నాయి. కాగితం మీద ఉన్నది ఇంగ్లీషు. అయితే ప్రతి ముక్కకూ ఒక అంకె ఉంది, కాగితం మీది బొమ్మలోనూ అదే అంకె ఉంది. అంకెలను పట్టుకుని ఇద్దరం ముందుకు పోయాం. ఒకటి కింద డెబ్బై రెండు అంటే ఏమిటో తమ్ముడు చెప్పాడు. రెండు రెక్కలనూ ఆనించి పెట్టి నా టేపుతో కొలిస్తే ఈ కొస నుంచి ఆ కొసకు పదహారు అంగుళాలకు కొంచెం తక్కువ. డెబ్బై రెండుతో హెచ్చవేస్తే తొంభై అయిదున్నర అడుగులు వచ్చింది. అసలు విమానమూ అంతేనన్నాడు తమ్ముడు. ఆ పూట నాకు కలిగిన సంతోషం అవ్వకు చెప్పబోయాను గాని ఆమెకు రెక్కలతో పని లేదు.

"నువ్వు యాడ నిలవడుతవు?" అని మాత్రం అడిగింది.

తమ్ముడు ఎడమ పక్కన, తోకకు కొంచెం ముందుగా ఉన్న తలుపు చూపించాడు. ఎగిరేటప్పుడు ఆ తలుపునే తీసేసి ఉంటుందనీ, తాము నడుముకు పట్టా కట్టుకుని బస్తాలను కాళ్ళతో తోస్తామనీ చెప్పాడు. పట్టా తెగితే ఎట్లా అని అవ్వ అడిగింది. తెగదన్నాడు. ఎప్పటికీ తెగని పోగు ఉంటుందంటే నేతగాళ్ళ ఇంట్లో ఎవరూ నమ్మరు.

నేను టేకు పేడు ఒకటి తీసుకుని చాకుతో చెక్కడం మొదలుపెట్టాను. తమ్ముడి ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. డెబ్బై రెండో వంతంటే అంగుళానికి పన్నెండో వంతు తక్కువ. అంత మనిషిని చెక్కి, నడుము దగ్గర ఒక గాడి పెట్టి, అవ్వ అరచేతిలో ఉంచాను. ఆమె వెలుతురుకు పెట్టి చూసింది.

"నా కొడుకును గింతనే చేసినవ్?"

"విమానమంత గట్లనే ఉన్నదవ్వా. అన్నీ డెబ్బై రెండో వంతే."

"మరి తిండి గూడ గంతేనా? అందుకే బక్కవడ్డడు."

అతికించే జిగురు గొట్టం రైలు వేడికి దారిలోనే గట్టిపడిపోయింది. తమ్ముడు తల పట్టుకున్నాడు. గంజి ఉండగా జిగురెందుకని అవ్వ పొయ్యి మీద చిక్కటి గంజి కాచింది, నేనూ ఔనన్నాను. నూలును నిలబెట్టే గంజి దేన్నయినా నిలబెడుతుందని మా ఇంట్లో అందరి నమ్మకం. మంచి ఎండలు. సాయంత్రానికి రెక్కలూ తోకా గట్టిగా నిలబడ్డాయి. టేకు మనిషిని తలుపులో నిలబెట్టాం.

అప్పుడే అవ్వ తలుపు కింద గోటితో ఏదో పీకడం మొదలుపెట్టింది.

"నూలు పోగు అంటింది. వస్తలేదు."

చూస్తే అది పోగు కాదు, వెంట్రుకంత సన్నంగా పైకి తేలిన గీత. అచ్చులో ఎక్కడో గీరుకుపోతే అందులోకి ప్లాస్టిక్ దిగి అట్లా వచ్చింది. చెప్పినా అవ్వ మరి రెండుసార్లు పీకి చూసింది. పోను పోను అది అలవాటయింది. తమ్ముడు సెలవు ముగిసి వెళ్ళాక రోజూ సందెదీపం పెట్టి వచ్చి, విమానాన్ని ఒళ్ళో పెట్టుకుని, తలుపు కింది గీత మీద బొటనవేలు ఉంచి కొంతసేపు కూర్చునేది. వాడు ఆ పూట ఎక్కడ ఉన్నాడో ఆమెకు అదే గుర్తు.

చైనాతో యుద్ధం వచ్చిన సంవత్సరం దసరా దాటినా మావైపు ముసురు వదల్లేదు. పత్తి మార్కెట్ దగ్గర హోటల్లో రేడియో చుట్టూ జనం గుమికూడేవారు. తమ్ముడు ఉన్నది ఆ కొండల వైపే. ఆ ముసురులో గంజి మెత్తబడి విమానం కుడి రెక్క ఊడింది. నేను చెన్నూరులో ఉన్నాను. అవ్వ కొత్త గంజి కాచి తిరిగి అతికించింది. తడి గాలికి అది ఎంతకీ ఆరలేదు. వానాకాలంలో గంజి పట్టిన పడుగు ఆరకపోతే నేతవాళ్ళు ఏం చేస్తారో ఆమె అదే చేసింది. కుంపట్లో నిప్పులు పోసి, మీద బూడిద కప్పి, రెక్క కింద పెట్టింది.

నేను వచ్చేసరికి ఆ రెక్క వడలిన అరటాకులా కిందికి వాలి ఉంది.

"నేనే వంచిన పెద్దోడా," అంది అవ్వ. "ఆడ గట్ల యుద్ధం నడుస్తుంటే, ఈడ నా చేతులతోని నేనే వంచిన."

ప్లాస్టిక్ వేడికి మెత్తబడుతుందని చెప్పాను. దానికీ దీనికీ సంబంధం లేదని చెప్పాను. ఏ రెక్కకు ఎంత బరువో, ఎంత గాలో తమ్ముడి నోట విన్నవన్నీ లెక్కగట్టి చెప్పాను. ఆమె వింటూనే ఉంది, తినడం మాత్రం తగ్గించింది. వేడినీళ్ళలో ముంచి రెక్కను సరిచేయబోతే మొదలు దగ్గర విరిగింది. అవ్వ అన్నీ ఒక పాత గుడ్డలో మూటగట్టి అటక మీద పెట్టించింది.

తమ్ముడు క్షేమంగా ఉన్నాడు. మరుసటి ఎండాకాలం సెలవు మీద వచ్చాడు. అవ్వ వాణ్ని గడపలోనే ఆపి, రెండు చేతులనూ భుజాల నుంచి మణికట్ల దాకా తడిమింది. కుడి చేతిని రెండోసారి తడిమింది. బలిసిన్నో లేదో చూస్తున్నవా అని వాడు ఆటపట్టించాడు. తిరిగిపోయే రోజున, ఎప్పటిలాగే కాళ్ళు మొక్కి, తల వంచి నిలబడ్డాడు. ఊరికి పోయేవాళ్ళ నెత్తిన చేయి పెట్టి పంపడం మా అవ్వ ఏనాడూ తప్పింది కాదు, కరీంనగర్ దాకా పోయేవాళ్ళకైనా సరే. ఆ రోజు ఆమె రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. దూరం నుంచే, పైలం బిడ్డా, అంది.

స్టేషన్‌లో బండి కనబడుతుండగా తమ్ముడు అడిగాడు.

"అన్నా, అవ్వకు నా మీద కోపమా?"

కుంపటి సంగతి చెప్పాను. తన చేయి మంచిది కాదని ఆమె మనసులో పడిపోయిందని చెప్పాను. వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. అట్లాంటి విమానమే ఇంకొకటి తెస్తానన్నాడు. ఆ తరవాత పోస్టింగు పడిన ప్రతి ఊళ్ళో అడిగాడు. ఎక్కడ అడిగినా ఆ నమూనా రావడం లేదన్న జవాబే. వచ్చిన ప్రతి సెలవుకూ అవ్వ నవ్వేది, వండి పెట్టేది, ఎముకలు తేలినవని తిట్టేది. పోయే రోజు చేతులు కొంగు కిందికి పోయేవి. కొండలలో ఎప్పుడు మబ్బు కమ్ముతుందో తెలియదని తమ్ముడు ఒకసారి నాతో అన్నాడు. తలుపు దగ్గర నిలబడ్డప్పుడు పట్టా ఒకసారి చూసుకుంటాను, నెత్తి ఒకసారి తడుముకుంటాను అన్నాడు.

ఈలోగా అవ్వ కళ్ళకు పొర కమ్మింది. కరీంనగర్ డాక్టరు అది ముదిరాకే తీయాలన్నాడు. వెలుతురూ చీకటీ తెలిసేవి, ముఖాలు తెలిసేవి కావు.

అందుకే సికింద్రాబాదులో ఆ పెట్టె కనబడగానే అంత ఆత్రపడ్డాను. తమ్ముడు అప్పుడు సెలవులో ఇంట్లోనే ఉన్నాడు, తిరిగిపోవడానికి రోజులు దగ్గరపడ్డాయి. రైల్లో జిగురు గొట్టాన్ని తడిగుడ్డ చుట్టి తెచ్చాను.

అవ్వతో ఉన్నదున్నట్టు చెప్పాను. ఇది పాతది కాదనీ, పాత అచ్చుల మీదే కొత్తగా పోసినదనీ. తాను ముట్టనని ఆమె ముందే చెప్పేసింది. గోడకు ఆనుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చుంది.

మళ్ళీ అదే గుంత పక్కన చాప వేశాం. ఈసారి ప్లాస్టిక్ ఆకుపచ్చ. అంకెలు అవే. ముక్కల అంచుల వెంట పలచని పొర అంటుకుని వచ్చింది. అచ్చులు అరిగినట్టున్నాయి, పాతదానికి ఇంత లేదు. తమ్ముడు బ్లేడుతో దాన్ని గీకుతుంటే నేను అతికిస్తూ పోయాను. జిగురు ఘాటుకు అవ్వ ముక్కు మూసుకుంది.

"ఏం గంజి పెట్టిన్రు రా, గింత కంపు?"

"నీ గంజి కంటె మంచిదే," అన్నాడు తమ్ముడు. ఆ మాటకు నేను భయపడ్డాను, అవ్వ మాత్రం పెదవి విరిచి ఊరుకుంది.

విమానం నిలబడ్డాక ఎడమ పక్కకు తిప్పి చూశాను. తలుపు కింద గీత ఉంది. తమ్ముడికి చూపించాను. అవ్వకు ఆ సంగతి చెప్పకుండా దాన్ని తెచ్చి అవ్వ ముందు పెట్టాం. ఆమె కదల్లేదు.

"నేను యాడ నిలవడతనో మర్చిపోయినట్టున్నవ్," అన్నాడు తమ్ముడు.

"ఎందుకు మరుస్త? ఎడమ దిక్కు. తోక ముంగట."

"ఎడమ దిక్కు అంత గోడనే ఉన్నది. తలుపు యాడ, సూపియ్యి."

అవ్వ చేయి బయటికి వచ్చింది. ముందు తోక దొరికింది. అక్కడి నుంచి మెల్లగా ముందుకు జరిగి తలుపు అంచు పట్టుకుంది. బొటనవేలు తలుపు కిందికి దిగింది. దిగి ఆగింది. అంతలో గోరు తనంత తానే ఆ గీతను పీకింది.

"పోగు," అంది. కొంతసేపటికి మళ్ళీ అంది, "గదే పోగు."

ఆమె గీతను అటూ ఇటూ రుద్దుతూ, మాతో అన్నట్టు కాకుండా, చెప్పుకుపోయింది.

"మీ బాపు పన్నెల ఒక పుల్ల వంగి ఉండె. దాని మీద దిగిన ప్రతి బట్టకు గా జాగలనే సన్నగ గీత పడేది. ఎన్ని బట్టలు దిగినయో. కొన్ని అమ్మినం, కొన్ని చినిగిపోయినయి. పన్నెకేమైంది? ఆడనే ఉండె." వేళ్ళు కుడి రెక్క మీదికి పోయాయి. మొదలు నుంచి కొస దాకా తడిమాయి. రెక్క తిన్నగా ఉంది. "ఇది గా పన్నె మీద దిగిందే."

"అవునవ్వా," అన్నాను.

"అయితే నేను పాడుచేసింది ఒక బట్టనే."

"ఒక్క బట్టనే అవ్వా."

ఆమె నడుముకు దోపుకున్న ఆకువక్కల సంచి తీసి, వక్కల మధ్య వెతికి, టేకు మనిషిని బయటికి తీసింది. అది ఎప్పుడో పోయిందని అంతకుముందు మాతో చెప్పింది. వక్కల రంగు పట్టి నల్లగా నిగనిగలాడుతోంది. తమ్ముడు దాన్ని తీసుకుని, నేనింత నల్లగయిన్నా అని అడుగుతూ తలుపులో నిలబెట్టాడు. అచ్చు పాతదే కదా, సరిగ్గా పట్టింది.

వాడు పోయే రోజు కాజీపేట బండి పొద్దున్నే. వాడు తన ట్రంకు పెట్టె బయట పెట్టి వచ్చి, కాళ్ళు మొక్కి, అలవాటుగా తల వంచాడు. అవ్వ చేతులు కొంగు కింద ఉన్నాయి. ఆమె కుడి చేయి బయటికి తీసి, అరచేతిని కొంగుకు బాగా తుడుచుకుని, నా వైపు చాపింది.

"పెద్దోడా, వేడిగున్నదా సూడు."

పట్టుకుని చూశాను.

"లేదవ్వా. సల్లగనే ఉన్నది."

అప్పుడు ఆ చేతిని గాలిలో తడుముకుంటూ తీసుకుపోయి తమ్ముడి నెత్తిన పెట్టింది. బండికి వేళవుతోందని నా భార్య లోపలి నుంచి రెండుసార్లు చెప్పింది. వాడు తల ఎత్తలేదు, అవ్వ చేయి తీయలేదు. నేను వాడి పెట్టె ఎత్తుకుని వీధిలోకి దిగి నిలబడ్డాను.