బెంచీలెక్కిన బ్యాగులు

కరోనాకు ముందటి ఏడాది, జూన్‌లో, హోసూరులో నేను కామర్స్ చెబుతున్న కాలేజీకి ఒక ఉద్యోగ నియామక పరీక్ష కేంద్రం పడింది. డ్యూటీ పట్టీలో నా పేరుకు ఎదురుగా ‘క్లోక్ రూమ్ ఇన్‌ఛార్జ్’ అని ఉంది. ఇంత సర్వీసున్న మనిషిని బ్యాగులకు కాపలా పెట్టడమేమిటని అడిగాను. హాల్లో నిలబెడితే నేను ఫ్లయింగ్ స్క్వాడ్‌తో కూడా వాదం పెట్టుకుంటానని ప్రిన్సిపాల్ గారు శాంతంగా సెలవిచ్చారు. అది నిజమే కనుక వదిలేశాను.

పరీక్ష రోజున ప్రిన్సిపాలే చీఫ్ సూపరింటెండెంట్. గేటు లోపల ఆయన మాటే ఆజ్ఞ. బ్యాగు, ఫోను హాల్లోకి తేరాదని హాల్ టికెట్ మీద పెద్ద అక్షరాలలో ఉంటుంది. డెంకణికోట నుంచి మొదటి బస్సుకు బయలుదేరిన మనిషి తన అన్నం డబ్బా ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం చిన్న అక్షరాలలో కూడా ఉండదు. అది మా నెత్తిన పడుతుంది.

నేను అట్టముక్కలు, దారం అడిగాను. నంబరు రాసి బ్యాగుకు కట్టి, అదే నంబరు చీటీ అభ్యర్థి చేతికివ్వాలని నా ఉద్దేశం. ఒక్క పూటకు ఇంత హంగామా ఎందుకన్నారు ప్రిన్సిపాల్. మా కాలేజీలో నడిచే పద్ధతి వేరు. గది నేల మీద సుద్దతో గళ్ళు గీసి నంబర్లు వేస్తారు. బ్యాగు గడిలో, చీటీ చేతిలో. బ్యాగు కదలనంతసేపు ఇందులో లోపమేమీ లేదు.

పరీక్ష మధ్యలో ఒక ఇన్విజిలేటర్‌కు కళ్ళు తిరిగితే ఆమె బదులు కాసేపు నన్ను పిలిచారు. గదిని అటెండర్ మునెప్పకు అప్పజెప్పి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి నేల ఖాళీ. బ్యాగులన్నీ గోడవార బెంచీల మీద, పెద్దవి వెనక, చిన్నవి ముందు, గ్రూప్ ఫోటోకు నిలబెట్టినట్టు ఉన్నాయి.

ఎవరు చేశారని అడిగాను.

“ప్రిన్సిపాల్ సార్ రౌండ్సుకు వచ్చినారమ్మా. బ్యాగుల్లో పుస్తకాలుంటాయి, సరస్వతిని కింద పెట్టి చుట్టూ చెప్పులతో తిరగతారా అని ఒక బ్యాగు కళ్ళకద్దుకుని, అన్నీ బెంచీలెక్కించమన్నారు. నేనేం చేసేది?”

“మరి నంబర్లు?”

మునెప్ప నేలకేసి చూపించాడు. “అవి ఆడే ఉండాయి కదమ్మా.”

ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాను. “చదువుకున్నదానివి, నువ్వే ఇట్ల చేస్తే ఎట్లమ్మా?” అని ఆయనే మొదలుపెట్టారు. ఏ సరస్వతి ఎవరిదో ఇప్పుడు మీరే వచ్చి పంచిపెట్టండి అన్నాను. ఎవరి బ్యాగు వాళ్ళకు తెలీదా అన్నారు. మూకండపల్లి వైపు ఫ్యాక్టరీలలో ఆయుధ పూజకు పనివాళ్ళందరికీ ఒకే రకం బ్యాగు పంచుతారు. పరీక్షకు వచ్చినవాళ్ళలో చాలామంది ఆ ఫ్యాక్టరీల వాళ్ళే. బెంచీల మీద ఒక వరసంతా అవే నల్ల బ్యాగులు. అది ఆయనకు చెబుతుండగానే గంట కొట్టారు.

పరుగున వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడి, తెరిచి చూపించనిదే బ్యాగు బయటికి పోదన్నాను. అప్పటికే కొందరు వెళ్ళిపోయారు. చివరికి ఒక నల్ల బ్యాగు, ఒక అమ్మాయి మిగిలారు. ఆ అమ్మాయి మంజుల, ఉద్దనపల్లిలో గొర్రెలు మేపేవాళ్ళ బిడ్డ, ఫ్యాక్టరీలో పని.

“ఇది నాది కాదు మేడం. నా సర్టిఫికెట్లన్నీ నా బ్యాగులో ఉండాయి. రెండు గంటలకు కృష్ణగిరిలో వెరిఫికేషన్.”

వేరే ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కి, అసలు పత్రాలు చూపవలసిన రోజు అదే. చూపకపోతే పేరు కొట్టేస్తారు. మంజుల ఫోను కూడా ఆ బ్యాగులోనే ఉంది కనుక ఆమె నంబరుకే ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు.

“ఎవరమ్మా? నా బ్యాగులో ఎవరిదో ఫోను మోగతా ఉంది.”

“బ్యాగే నీది కాదప్పా. భుజానేసుకునేటప్పుడు చూసుకోవా?”

“అందరిదీ ఇదే బ్యాగు కదమ్మా. బరువు కూడా అట్లే ఉండె.”

“యాడున్నావు?”

“డెంకణికోట బస్సులో. మత్తిగిరి దాటినాము.”

“దిగి ఆడే నిలబడు. నువ్వు దిగకపోతే ఈడ నీ అన్నం మునెప్ప తినేస్తాడు.”

మిగిలిన బ్యాగుతో సహా మంజులను నా కారులో ఎక్కించుకున్నాను. అనుమతి లేకుండా కేంద్రం విడిచి పోరాదన్నారు ప్రిన్సిపాల్. అయితే ఇవ్వండి అన్నాను. రాతపూర్వకంగా అడగమన్నారు. కారు స్టార్ట్ చేశాను. మత్తిగిరి అవతల రోడ్డు పక్కన బ్యాగులు మార్చుకుని కృష్ణగిరి చేరేసరికి మంజుల పేరు పిలవడం, గైర్హాజరు అని రాయడం కూడా అయిపోయింది. రాసింది మార్చలేమన్నాడు గుమాస్తా. అతనితో కాసేపు, అతని పై అధికారితో ఇంకాసేపు వాదించాను. ఆలస్యం అమ్మాయిది కాదని ఎవరు రాసిస్తారని అధికారి అడిగాడు. తప్పు మా పరీక్ష కేంద్రానిదని, నా హోదా వేసి, అక్కడే రాసి సంతకం పెట్టాను. ఆయన మంజుల పత్రాలు చూశాడు.

ఆ వారమే నాకు మెమో వచ్చింది. మెమో అంటే పై అధికారి అడిగే సంజాయిషీ. కేంద్రం తప్పు చేసిందని మరో శాఖకు ఎందుకు రాసిచ్చారని ప్రశ్న. చేసింది కనుక అని జవాబిచ్చాను. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకునేదాకా నాకు మళ్ళీ పరీక్ష డ్యూటీ పడలేదు.

మంజులకు ఆ ఉద్యోగం రాలేదు. తుది జాబితాకు మార్కులు చాలలేదు. ఆమె పోగొట్టుకున్నది తన మార్కుల వల్ల, మా బెంచీల వల్ల కాదు. పరీక్ష పెట్టేవాళ్ళు అభ్యర్థికి పూచీ పడవలసింది అంతవరకే, అంతకు తక్కువ మాత్రం కాదు.