కుట్టు లోపల వదిలిన గుడ్డ

మధురానగర్‌లో హైమవతిని పేరుతో ఎరిగినవాళ్ళు తక్కువ. "తగ్గినావిడ" అంటే మాత్రం కిరాణా కొట్టాయన దగ్గర్నుంచి ఇస్త్రీబండి వాడిదాకా అందరూ ఆవిడ ఇల్లు చూపించేవాళ్ళు. తొంభైరెండు కిలోల మనిషి అరవయ్యారుకు దిగి, నాలుగేళ్ళుగా అక్కడే నిలబడింది మరి. ఆ నిలబడడంలో ఎంత యాతన ఉందో ఆ కాలనీలో ఒక్కరికీ తెలియదు. తగ్గుతున్నప్పుడు లోకమంతా చూస్తుంది, ముక్కున వేలేసుకుంటుంది. తగ్గి, అలాగే ఉండిపోతే ఇక చూడ్డానికేముంది? మొదటి ఏడాది వీధిలో ఆపి మరీ పొగిడారు. రెండో ఏడు, "ఇంకా అలాగే ఉన్నారే!" అన్నారు. ఆ తర్వాత పేరు మిగిలింది గానీ పొగడ్త పోయింది.

ఆవిడది కాకినాడ. భర్త అచ్యుతరావుకి బేగంపేటలో ఆఫీసు ఉద్యోగం. ఆయన ఆఫీసుకి, పిల్లలు బడికి వెళ్ళాక ఊరు కాని ఊళ్ళో, మాట్లాడే దిక్కు లేని ఇంట్లో ఆవిడకి తోడు దొరికింది వంటిల్లు. అది తిండి మీద ఇష్టమని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఇష్టమున్నవాళ్ళు కూర్చుని, మెచ్చుకుంటూ తింటారు. హైమవతి నిలబడి, తలుపు గడియ పెట్టుకుని, ఎవరో లాక్కుపోతారన్నట్టు తినేది. కుక్కరు అడుగున అంటిన అన్నం, పిల్లలు వదిలేసిన దోసె ముక్కలు, బెల్లం గడ్డలు, అటుకులు. చప్పుడు బయటికి వినపడకుండా కొళాయి తిప్పి వదిలేది. తిన్నాక గిన్నె కడిగి బోర్లించేది. రాత్రి అందరితోపాటు కూర్చుని, "నాకంత ఆకలిగా లేదండీ," అనేది. ఇంత తక్కువ తినే మనిషికి ఆ ఒళ్ళేమిటని అచ్యుతరావు వాతానికి మందులు కూడా తెచ్చాడు పాపం.

ఒక శ్రావణ శుక్రవారం అమ్మవారి కోసం వండిన పూర్ణం బూరెలు పూజకి ముందే మాయమయ్యాయి. పిల్లి తినేసిందని హైమవతి చెప్పింది. అచ్యుతరావు కర్ర పుచ్చుకుని పెరడంతా పిల్లిని వెతుకుతుంటే, ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. ఆ రోజు ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాటి నుంచి ఒకే నియమం పెట్టుకుంది. నిలబడి తినకూడదు, ఒంటరిగా తినకూడదు. కంచం ఉండాలి, చూసే మనిషి ఉండాలి. పొద్దున్నా రాత్రీ ఇంట్లోవాళ్ళు ఉంటారు సరే, మధ్యాహ్నం ఎవరు చూస్తారు? అప్పుడు గుర్తొచ్చింది తాజున్నీసా.

అమీర్‌పేట సందులో, ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని ఆడవాళ్ళ బట్టలు కుట్టేది తాజున్నీసా. తనూ లావు మనిషే, నవ్వితే మిషను బల్ల కూడా ఊగేది. భర్త మెహబూబ్ లారీ మీద పోతే పది రోజులకి గానీ రాడు. లోపలి గదిలో మంచం మీద అత్త ఇమామ్ బీ ఉంటుంది. కళ్ళు సరిగా కనపడకపోయినా ఆవిడ చెవులకి మాత్రం ఏమీ కాలేదు. మిషను చప్పుడు ఆగితే చాలు, "ఏమే, పని జేస్తలేవా?" అని కేకేస్తుంది.

హైమవతి మధ్యాహ్నం టిఫిను డబ్బా పట్టుకుని అక్కడికి వెళ్ళేది. తాజున్నీసా కుడుతూ ఉంటే ఎదురుగా చాప మీద కూర్చుని తన డబ్బాలోది తను తినేది. టైలరింటికెళ్ళి అన్నం తినడమేమిటని అచ్యుతరావు గొణిగితే, "డబ్బా మనదే కదండీ," అని నోరు మూయించింది. రెండో డబ్బా ఉండేది కాదు కాబట్టి రెండోసారి తినే వీలూ ఉండేది కాదు. అలా రెండేళ్ళలో ఇరవయ్యారు కిలోలు పోయాయి.

రెండు నెలలకోసారి జాకెట్లు బిగించేది తాజున్నీసాయే. అయితే తగ్గించిన గుడ్డని కత్తిరించేది కాదు. రెండు వేళ్ళ వెడల్పున లోపలికి మడిచి కుట్టేసేది.

"ఉండనియ్యుండ్రి హైమమ్మా," అనేది. "ఒళ్ళన్నంక వస్తది, పోతది. రేపు కుట్టు ఇప్పాల్సొస్తె గుడ్డ ఏడికెల్లి తెస్తరు?"

హైమవతి కత్తిరించమని ఒక్కనాడూ అనలేదు. ఆ మడత చంక కింద ఒరుసుకుని ఎండాకాలం చెమటకి మండేది. అయినా అనలేదు. మళ్ళీ ఎప్పుడైనా ఆ గుడ్డ అవసరమవుతుందేమోనన్న భయం నాలుగేళ్ళయినా ఆవిడని వదల్లేదు. భర్త నెయ్యి పోసుకుంటుంటే, పంజాగుట్ట చౌరస్తాలో ఎవరో ముక్కూమొహం తెలియనివాడు మిర్చిబజ్జీ కొరుకుతుంటే, ఆవిడకి కడుపు రగిలిపోయేది. వీళ్ళెవరికీ ఏ నియమమూ లేదు, తనకే ఎందుకీ శిక్ష అనుకునేది.

పోయినేడు, అంటే ఎనభయ్యారులో, తాజున్నీసా అడిగింది. "హైమమ్మా, నాకు సుత జర చెప్పుండ్రి. మోకాళ్ళు మస్తు గుంజుతున్నయి. మిషన్ తొక్కస్తలేదు."

హైమవతి సంతోషంగానే చెప్పింది. కూర్చునే తినాలంది. తాజున్నీసా పకపకా నవ్వింది. "నేను పొద్దుగాలకెల్లి కూసునే ఉంట గదమ్మా! కూసునే తింట!" నిజమే. ఆవిడ రోగం వేరు. మిషను సొరుగులో దారపు ఉండల పక్కన బిస్కట్లు, పల్లీలు, మిక్స్చరు పొట్లం. కుడుతూనే చెయ్యి సొరుగులోకి పోయేది. అందుకని నియమం మార్చారు. మిషను ముందు కూర్చుంటే నోట్లో ఏదీ పెట్టకూడదు. తినాలంటే లేచి, చెయ్యి కడుక్కుని, హైమవతి ఎదురుగా చాప మీద కూర్చుని తినాలి.

పదమూడు నెలల్లో తాజున్నీసా పద్ధెనిమిది కిలోలు తగ్గింది.

ఇక చూడాలి జనాన్ని. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కొలతలు మరిచి, ఆవిడ నడుము చూస్తూ నిలబడిపోయేవాళ్ళు. మధురానగర్ ఆడవాళ్ళు కుట్టించుకోవాల్సింది లేకపోయినా వచ్చారు. "హైమమ్మే నేర్పింది," అని తాజున్నీసా అందరికీ చెప్పేది. విన్నవాళ్ళు గుమ్మం దాటేసరికి అది మరిచిపోయేవాళ్ళు. ఒక సాయంత్రం అచ్యుతరావు అన్నం కలుపుకుంటూ, "మీ టైలరమ్మ బస్టాపులో కనబడిందోయ్. ఎవరో కాలేజీ అమ్మాయనుకున్నాను సుమా!" అన్నాడు. అని, ఇంకొంచెం నెయ్యి వెయ్యమన్నాడు. ఆ నెయ్యి గిన్నె ఆయన నెత్తిన బోర్లించకపోవడం హైమవతి మంచితనమే అనుకోవాలి.

అదైనా మింగింది. మింగలేనిది మర్నాడు చూసింది. తాజున్నీసా తన కుర్తాలన్నీ కుప్ప పోసుకుని, లోపల మడిచిన గుడ్డని కత్తెరతో చరచరా కోసి పారేస్తోంది.

"అదేంటి! నాకైతే ఉండనీమన్నావు కదా?"

"నాకక్కర్లేదు హైమమ్మా. ఇగ మళ్ళ గా దిక్కు పోను," అంది తాజున్నీసా, కత్తెర ఆపకుండానే.

కళ్ళు కుట్టడమన్న మాట మనం రోజూ అంటూనే ఉంటాం. హైమవతికి ఆ పూట నిజంగానే కుట్టాయి, నీళ్ళు తిరిగాయి. తను నాలుగేళ్ళుగా చెయ్యలేనిది, ఇది ఏడాదికే చేసేసింది. తను కనిపెట్టిన నియమం, తను పెట్టిన భిక్ష. ఇది మాత్రం నవ్వుతూ, భయమన్నది లేకుండా కోసి పారేస్తోంది. ఎక్కడిదింత ధైర్యం? ఎవరిచ్చారు? తనకెందుకు ఇవ్వలేదు?

మరుసటి ఆదివారం హైమవతి కాజాలు చేసింది. నాలుగేళ్ళుగా ఏ స్వీటు చేసినా రుచి చూడని మనిషి. ఆ రోజూ చూడలేదు. పాకం సరిపోయిందో లేదో అచ్యుతరావు చేత చూపించి, డబ్బా నింపుకుని సోమవారం అమీర్‌పేట వెళ్ళింది.

"ఏంటి తాజున్నీసా, మరీ ఇంతలా చిక్కిపోయావు?" అంది గుమ్మంలోంచే. "మొహంలో కళే లేదు. ఒంట్లో బాగుంటోందా?"

ఈ మాట ఎంత పదునైనదో ఆవిడకి బాగా తెలుసు. మన దగ్గర ఒళ్ళు చేస్తే బాగున్నావంటారు, తగ్గితే ఏ జబ్బోనని జాలిపడతారు. ఆ జాలి పోట్లు తనూ పడింది. పడి, దాచుకుని, ఇప్పుడు బయటికి తీసింది. లోపలి నుంచి ఇమామ్ బీ వెంటనే అందుకుంది. "గదే నేను సుత మొత్తుకుంటున్నమ్మా! చేతులు పట్టుకుంటె ఎముకలే తల్గుతున్నయి!"

"మా పెద్దాడు పరీక్ష పాసయ్యాడు. ఒక్కటి తిను," అని డబ్బా తీసింది హైమవతి.

"వద్దు హైమమ్మా. నా సంగతి మీకెర్కే గద."

"ఒక్కటే. నా మీద ఒట్టు. ఇంత ప్రేమగా తెస్తే వద్దంటావా?"

ఒట్టు పెట్టి, మాట మీద మాట వేసి, చేతిలో కుక్కాక ఎవరు కాదనగలరు? తాజున్నీసా తింది. తింటుంటే ఆవిడ చూపు మారింది. ఆ చూపు హైమవతి ఎరిగినదే. "డబ్బా రేపు తీసుకెళ్తాలే," అని వదిలేసి వచ్చింది. మర్నాటికి డబ్బా ఖాళీ. "ఇంట్లోల్లు తిన్నరు," అంది తాజున్నీసా తల ఎత్తకుండా. ఇమామ్ బీకి పళ్ళు లేవు, మెహబూబ్ లారీ మీద నాగపూర్‌లో ఉన్నాడు. హైమవతి ఖాళీ డబ్బా సంచీలో పెట్టుకుంది. తన పిల్లి కన్నా ఇది పెద్ద అబద్ధమేం కాదు.

సిగ్గు చేటైన సంగతైనా చెప్పాలి. ఆ మధ్యాహ్నం హైమవతికి తన డబ్బాలోని రెండు చపాతీలు అమృతంలా ఉన్నాయి.

తర్వాత ప్రతి సోమవారం ఏదో ఒక వంక. పుట్టినరోజని జంతికలు, ఊరి నుంచి వచ్చాయని సున్నుండలు, ఏమీ లేకపోతే ఊరికే కాజాలు. ఒకటి రెండు వారాలు తాజున్నీసా వద్దంది. ఆ తర్వాత అనడం మానేసింది. మరి కొన్నాళ్ళకి హైమవతి చేతిలో సంచీ వైపు చూడడం మొదలుపెట్టింది. మూడు నెలలు తిరిగేసరికి కుర్తాలు చంకల దగ్గర పట్టేశాయి. విప్పుదామంటే లోపల గుడ్డ లేదు. పాత పెట్టెలోంచి ఎప్పటివో వదులు కుర్తాలు బయటికొచ్చాయి. చాప మీద ఎదురుగా కూర్చుని తినడమూ తప్పించింది. "మీరు తినుండ్రి, నాకు అర్జెంటు పనున్నది," అనేది. కాలనీ ఆడవాళ్ళు మళ్ళీ హైమవతి గుమ్మం తొక్కారు. "ఆవిడ చూశారా, మళ్ళీ ఎప్పటిలాగే అయిపోయింది. ఎంతైనా మీరే గట్టివాళ్ళండీ," అన్నారు. నాలుగేళ్ళకి మళ్ళీ విన్న పొగడ్త అది. హైమవతి ఆ రాత్రి సుఖంగా నిద్రపోయింది కూడా.

తర్వాతి సోమవారం కొంచెం ముందుగా బయల్దేరింది. సందు మొదట్లోకే మిషను చప్పుడు వినిపించింది. గుమ్మానికున్న పరదా పక్కకి జరిపి, లోపలికి అడుగు పెట్టబోయి ఆగిపోయింది.

తాజున్నీసా మిషను ముందు కూర్చుని ఉంది. కాళ్ళు టకటకా తొక్కుతున్నాయి. సూది కింద గుడ్డ లేదు. సూదిలో దారం కూడా లేదు. ఒళ్ళో అన్నం గిన్నె పెట్టుకుని, వంగి, ముద్ద మీద ముద్ద మింగుతోంది. నమలడం లేదు. లోపలున్న అత్తకి పని జరుగుతున్నట్టు వినపడడానికి ఆ కాళ్ళు అలా ఉత్త మిషనుని తొక్కుతూనే ఉన్నాయి.

వంటింట్లో తను తిప్పి వదిలిన కొళాయి నీళ్ళ చప్పుడు హైమవతి చెవుల్లో హోరుమంది. ఆవిడ నోటి నుంచి ఏదో శబ్దం వచ్చింది. తాజున్నీసా తలెత్తి చూసింది. గిన్నె దాచడానికి చోటు లేక అలాగే పట్టుకుని ఉండిపోయింది. మిషను ఆగింది.

"ఏమే, పని జేస్తలేవా?" అంది లోపలి నుంచి ఇమామ్ బీ.

"దారం మారుస్తున్న!" అని కేకేసి, తాజున్నీసా గిన్నె కింద పెట్టింది. చెయ్యి తుడుచుకుంది.

హైమవతి చాప మీద కూలబడింది. "నా వల్లే," అంది. "తాజున్నీసా, నేను కావాలనే తెచ్చాను. నాకు కుళ్ళు పుట్టింది. నువ్వు నాకంటే బాగున్నావని, ఆ గుడ్డ కోసేశావని, ఓర్చుకోలేకపోయాను. నిన్ను ఎప్పటిలా చూడాలనే చేశాను ఇదంతా."

తాజున్నీసా ఆశ్చర్యపోలేదు. లేచి వచ్చి ఎదురుగా కూర్చుంది. హైమవతి సంచీలోంచి డబ్బా తనే తీసి, మూత తీసి, ఇద్దరి మధ్యా పెట్టింది. కాజాలు పాకంతో మెరుస్తున్నాయి.

"ఒకటి తినుండ్రి," అంది మెల్లగా.

హైమవతి వెనక్కి జరిగింది. "వద్దు. నేను తినలేను. ఒకటి తింటే ఆగలేను తాజున్నీసా, నీకు తెలుసు కదా!"

"నాకెర్కనే. మీకు సుత ఎర్కనే." తాజున్నీసా కళ్ళల్లో కోపం లేదు, అందుకే హైమవతి ఆ కళ్ళలోకి చూడలేకపోయింది. "నాకు మొదటి దినమే సమజైంది హైమమ్మా. నాలుగేండ్లల్ల మీరు ముట్టని వస్తువు నా నోట్లె పెడ్తుంటె సమజ్ కాదా? అయినా తిన్న. ఎవ్వరన్న తెచ్చిపెడ్తె బాగుండని లోపల్లోపల ఎదురుచూసిన. మీరు తెచ్చిండ్రు. తప్పంత మీదేనని నేననను."

హైమవతి ఏడుస్తూ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మళ్ళీ మొదలుపెడదాం. రేపట్నుంచి నేనొస్తాను, ఇదివరకులా ఎదురుగా కూర్చుంటాను. ఏమీ తీసుకురాను. ఒట్టి చేతులతో వస్తాను."

తాజున్నీసా చెయ్యి విడిపించుకోలేదు. డబ్బా మూత రెండో చేత్తో బిగించి, సంచీలో పెట్టి, సంచీని హైమవతి వైపు జరిపింది.

"మొదలు వెడ్త. పదమూడు నెలలు పట్టనీ, మూడేండ్లు పట్టనీ. మా అత్తను మంచం మీదకెల్లి లేపి ఎదురుంగ కూసోపెట్టుకుంట. గని మీరు రావొద్దు హైమమ్మా. ఒట్టి చేతులతోని సుత రావొద్దు." సంచీని ఇంకొంచెం అవతలికి నెట్టింది. "మిమ్మల్ని చూస్తె నాకు ఆకలైతున్నది."